చొక్కాకు మిగిలిన పిన్ను

మామగారి చెప్పులు షెడ్డు గుమ్మం ముందు పక్కపక్కనే ఉన్నాయి. కారు లేదు.

టైలరు చంకలో ఉన్న లైనింగు గుడ్డల కట్టను దించడం మరిచిపోయి ఆ చెప్పుల వంకే చూస్తూ నిలబడిపోయాడు. టాక్సీ నడిపిన రోజుల్లో మామగారు ఏనాడూ చెప్పులతో స్టీరింగు ముందు కూర్చోలేదు. పెడలు పాదానికి తెలియాలనేవాడు. ఆ చెప్పులు అక్కడ విడిచి ఉన్నాయంటే కారు ఎవరు తీసుకెళ్ళారో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

"అత్తయ్యా, కారేది?"

అత్తగారు కుళాయి పక్కన బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉంది. కుడికాలు ముందుకు చాచింది. ఆ మోకాలు సరిగ్గా మడతపడక ఏళ్ళయింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ తలెత్తింది.

"నువ్వు అటు గుడ్డల కొట్టుకు వెళ్ళావు, మీ మామయ్య ఇటు బయల్దేరాడు. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ట్యాంకు గుట్ట దాకా వెళ్ళొస్తానన్నాడు."

"ఆయన నడుపుతున్నాడా?"

"మరి? అమ్మాయికి నడపడం వస్తేగా." ఆమె ముఖంలో చాలాకాలంగా ఆ ఇంట్లో ఎవరూ చూడని వెలుగు ఒకటి ఉంది. "నన్నూ రమ్మన్నాడు బాబూ. ఈసారికి మీరు వెళ్ళిరండి, రేపు నేనొస్తానన్నాను."

టైలరు చంకలోని కట్టను అక్కడే కింద పడేశాడు.

నిన్న సాయంత్రం ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. ఇంజను తొలిసారి స్టార్టయి, షెడ్డు నిండా పొగ కమ్మి, అందరూ దగ్గుతూ నవ్వుతూ ఉన్న సమయంలో బావమరిది ఊరుకోకుండా అడిగాడు. "బావా, ఇంతకీ బండి పూర్తయినట్టా, లేక నీ జాకెట్లలాగా హుక్కులొక్కటే మిగిలాయి, రేపు రండి అంటావా?" ఇల్లంతా నవ్వింది. ఎప్పుడూ ముసిముసిగా తప్ప నవ్వని మామగారు కూడా పైకే నవ్వాడు. టైలరుకు రోషం పొడుచుకొచ్చింది. "పూర్తయింది. తాళం తిప్పడమే తరువాయి" అన్నాడు.

పూర్తి కాలేదు. ఇంజను అయింది, బ్రేకులు అయ్యాయి. ముందు ఎడమ చక్రం వెనక, స్టీరింగు రాడ్డును చక్రానికి కలిపే చోట, ఒక నట్టు మాత్రం చేత్తో తిప్పి వదిలేశాడు. చక్రాలు రెండూ తిన్నగా ఉన్నాయో లేదో దారం కట్టి సరిచూసుకుని, ఆ తర్వాత గట్టిగా బిగించి, నట్టు ఊడకుండా దానికి అడ్డంగా పిన్ను వేయాలనుకున్నాడు. ఆ పని ఈ పూటకి పెట్టుకున్నాడు. కానీ పొద్దున్నే గుడ్డల కొట్టువాడు కబురు పెట్టడంతో ముందు అటు వెళ్ళాడు.

మెకానిక్కు పని టైలరుకు ఎవరూ నేర్పలేదు. తనకు తెలిసిన పనిలాగే ఈ పనీ చేసుకుంటూ వచ్చాడు. ఏ బట్టయినా ముందు కచ్చా కుట్టు వేసి, ఒంటికి సరిపోయిందో లేదో చూసుకుని, అప్పుడే అసలు కుట్టు వేస్తాడు. కారు నట్టులకూ అంతే. ముందు చేతి బిగువు, ఆ తర్వాతే స్పానరు. చేతి బిగువు మీద ఉన్న ప్రతి నట్టు పక్కనా, గుడ్డ మీద గీసుకునే సుద్దబిళ్ళతో తెల్లగా ఒక గీత గీస్తాడు. గట్టిగా బిగించాక ఆ గీత తుడిచేస్తాడు. గీత ఉందంటే పని మిగిలిందని అర్థం. ఇంట్లో ఆ సంగతి ఆయన కాక ఇంకొక్కరికే తెలుసు, ఆయన భార్యకు.

"మీ అమ్మాయి గీతలు చూడలేదా?" అన్నాడు. 

"చూసింది బాబూ. ముందూ వెనకా వంగి మరీ చూసింది. గీతలేం లేవు, పద నాన్నా అంది."

"లేకపోవడమేమిటి?"

అత్తగారు తడి కొబ్బరిపీచు పైకెత్తి చూపించింది.

"తెల్లవారకముందే లేచి కడిగానుగా. చక్రాల లోపల కూడా తెల్లటి మరకలుంటే పీచు పెట్టి తోమాను. ఒక చోట చెయ్యి దూరలేదు, కడ్డీకి గుడ్డ చుట్టి మరీ తోమాను. ఒక్క మరక కూడా ఉంచలేదు." ఆమె తృప్తిగా నిట్టూర్చింది. "ఆ బండిని నేను ముట్టుకుని ఎన్నేళ్ళయిందనుకున్నావు. ఆ రోజు తర్వాత మళ్ళీ దాని మీద చెయ్యి వేయలేదు. అద్దం తుడుస్తుంటే మీ మామయ్య వచ్చి వెనక నిలబడ్డాడు. ఏమన్నాడో తెలుసా? నువ్వు కడిగావంటే నేను నడపొచ్చన్నమాట, అన్నాడు."

టైలరు తాళం తగిలించే మేకు వైపు చూశాడు. ఖాళీగా ఉంది.

ఆ రోజు సంగతి ఈ ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడుకోరు. గుట్ట మలుపులో మామగారి టాక్సీ పిట్టగోడకు కొట్టుకుంది. పక్కన కూర్చున్న అత్తగారి మోకాలు నలిగింది. చేతులు వణికాయని మామగారే అన్నాడు, కాదని ఎవరూ అనలేదు. అంతే, కారు షెడ్డులోకి వెళ్ళింది, మామగారు అరుగు మీదకు వెళ్ళాడు. ఇద్దరికీ తుప్పు పట్టింది. అత్తగారు ఏనాడూ ఆయన్ను ఒక్క మాట అనలేదు గానీ, ఏమీ అనకపోవడమే ఆయన్ను ఎక్కువ కుంగదీసింది. టైలరు ఈ కారు పని నెత్తికెత్తుకున్నది కారు మీద మోజుతో మాత్రమే కాదు.

ఇప్పుడు ఆవిడ కడిగిన గీతే మామగారి కొంప ముంచేలా ఉంది. ఆ మాట ఈవిడతో ఎలా చెప్పడం?

భార్య ఫోనుకు చేశాడు. ఇంట్లో కుట్టుమిషను మీద నుంచి మోగింది.

"చార్జింగు పెట్టి వెళ్ళింది" అంది అత్తగారు. "ఏం బాబూ, ముఖం అలా అయిపోయిందేం?"

"ఏం లేదత్తయ్యా."

సరిగ్గా అప్పుడే బావమరిది దువ్వెన జేబులో దోపుకుంటూ బయటికి వచ్చాడు. ఇంటా బయటా అందరూ అతన్ని రేడియో అంటారు. కడుపులో మాట దాగదు. ఇంట్లో పాలు పొంగినా వీధి చివరి దాకా వార్త చేరవేసే మనిషి. మనసు మంచిదే గానీ, ఆ మంచితనం కూడా నోటి గుండానే బయటికి వస్తుంది.

"ఏంటి బావా, షెడ్డు బోసిపోయింది? బండిని ఎవరికైనా అద్దెకిచ్చావా?"

"నీ బైకు తియ్."

"ఎక్కడికి?"

"గుట్టకి. మామయ్య కారు తీసుకెళ్ళాడు."

రేడియో ముఖంలో నవ్వు తగ్గింది. "నాన్నా? నడుపుకుంటూనా? నువ్వు తాళం ఎందుకిచ్చావు?"

"నేనివ్వలేదు. మేకుకు తగిలించి ఉంది."

"సరే, వెళ్తే వెళ్ళాడు. నువ్వే పూర్తయిందన్నావుగా. భయమెందుకు?"

చెప్పాల్సిన చోటు అదే. నట్టు వదులుగా ఉందిరా, స్టీరింగు చేతికి చిక్కదు, పద, అంటే సరిపోయేది. ఆ మాట టైలరు నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా రేడియో ఉన్నాడు. పక్కన పీచు పట్టుకుని, ముఖం నిండా వెలుగుతో అత్తగారు ఉంది.

"పెట్రోలు తక్కువుంది" అన్నాడు. "ఎత్తు మీద ఆగిపోతే ముసలాయన ఇబ్బంది పడతాడు."

"ఆగితే నెట్టుకుంటూ వస్తారులే. నేనింకా టిఫిను చేయలేదు."

"బైకు తియ్యరా."

టైలరు ఎప్పుడూ అతన్ని రా అనలేదు. రేడియో ఒక్క క్షణం తేరిపార చూసి, తాళం కోసం లోపలికి పరిగెత్తాడు.

"తొందరేం లేదు, నెమ్మదిగా వెళ్ళండి" అంది అత్తగారు వెనక నుంచి. "మీ మామయ్యను వెనక్కి రమ్మని తొందర పెట్టకు బాబూ. తిరగనీ కాసేపు."

రేడియో బైకు నడుపుతూ కూడా మాట్లాడతాడు. మాట్లాడేటప్పుడు తల వెనక్కి తిప్పుతాడు.

"నాన్న చేతుల సంగతి నీకు తెలియనిది కాదు కదా బావా."

"ముందు చూసి నడుపు."

"చూస్తూనే ఉన్నా. నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాను. ఆ బండి బాగుపడితే నాన్న దాన్ని చూస్తూ ఊరుకోడని చెప్పానా లేదా? అక్క నా మీద ఎగిరింది. ఆయన ప్రాణం అందులోనే ఉందిరా అంది. ప్రాణం అందులో ఉంటే ఉండొచ్చు, ప్రాణం తీసేది కూడా అదేగా."

"రేడియో."

"ఏంటి?"

"కాసేపు కట్టెయ్."

అతను చిన్నబుచ్చుకుని తల తిప్పుకున్నాడు.  టైలరుకు మాత్రం ఆ నట్టు కళ్ళ ముందు కదులుతూనే ఉంది. చేతి బిగువు మీద ఉన్న నట్టు ఎంత దూరం నిలుస్తుంది? రోడ్డు నున్నగా ఉంటే నిలుస్తుందేమో. ప్రతి కుదుపుకూ కొంచెం కొంచెం వెనక్కి తిరుగుతుంది. గుట్ట రోడ్డు నిండా గుంతలే.

దేవుడా, ఆగిపోయి ఉండాలి, నిజంగానే పెట్రోలు అయిపోయి ఉండాలి, అనుకున్నాడు. తానే నిన్న ట్యాంకు నిండా పోయించిన సంగతి గుర్తొచ్చి కళ్ళు మూసుకున్నాడు.

గుట్ట మొదట్లో ఒక మనిషి రోడ్డు ఊడుస్తున్నాడు. రేడియో బైకు ఆపి అడిగాడు.

"పాత నీలం కారేనా? ఇందాకే పైకి పోయింది. పెద్దాయన నాకు చెయ్యి కూడా ఊపాడు."

"ఎలా పోతోంది?" అన్నాడు టైలరు.

ఆ మనిషి చీపురు నిలబెట్టి ఆలోచించాడు. "పాత బండి కదండీ. కాస్త ఒయ్యారంగానే పోతోంది. అటో అడుగు, ఇటో అడుగు."

రేడియో పళ్ళు కొరికాడు. "విన్నావా? ఒయ్యారమట. అవి నాన్న చేతులు బావా, ఇంకేం కాదు. ఏ మందు వేస్తే పోతుంది ఆ వణుకు?"

టైలరు ఏమీ అనలేదు. అనకపోవడం కూడా అబద్ధమేనని ఆయనకు తెలుసు. గుట్ట ఎక్కుతున్నంతసేపూ ఆ అబద్ధం బరువు బైకు మీద మూడో మనిషిలా కూర్చునే ఉంది.

మలుపు తిరిగారు.

కారు అక్కడే ఉంది. రోడ్డు వారగా ఎవరో ఇంటి పనికి పోయించుకున్న ఇసుక కుప్పలోకి ముక్కు దూర్చి నిలబడి ఉంది. దానికి రెండడుగుల అవతలే పిట్టగోడ. గోడలో పాత రాళ్ళ మధ్య, ఎప్పుడో సిమెంటుతో అతికిన చోటు ఇంకా వేరే రంగులో కనిపిస్తోంది.

టైలరు బైకు ఆగకముందే దూకాడు.

భార్య కారు పక్కన నిలబడి ఉంది. ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. ఆమెను చూడగానే టైలరుకు పట్టుకుని ఏడవాలనిపించింది. పట్టుకోలేదు. ఆమె కళ్ళతోనే లోపలికి చూడమని సైగ చేసింది.

మామగారు స్టీరింగు ముందే కూర్చుని ఉన్నాడు. పాదాలు పెడళ్ళ మీద లేవు. చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని వాటి వంకే చూస్తున్నాడు.

"మామయ్యా."

"బ్రేకు పట్టింది అల్లుడూ" అన్నాడాయన తల ఎత్తకుండా. "నీ పని పట్టింది. భలే చేశావు. ఒక్క అడుగు ముందుకు పోకుండా ఆగింది. నా చేతులే పట్టలేదు."

"అలా అనకు నాన్నా" అంది భార్య.

"అనకపోతే మాత్రం? నేను కుడికి తిప్పుతున్నాను, అది ఎడమకు పోతోంది. కొత్తలో చిన్నగా లాగింది, అలవాటు తప్పిందిలే అనుకున్నాను. ఇక్కడికొచ్చేసరికి అసలు మాటే వినలేదు." ఆయన పిట్టగోడ వైపు చూశాడు. "అదే మలుపు. అవే చేతులు. ఆ రోజు మీ అమ్మను కుంటిదాన్ని చేశాను. ఈ రోజు నా బిడ్డ."

"నాకేం కాలేదు నాన్నా. చూడు, ఇదిగో నిలబడ్డాను."

"ఇసుక ఉండబట్టి."

 ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది.

రేడియోకు మౌనం పడదు. కళ్ళు తుడుచుకున్నాడు, ముక్కు ఎగబీల్చాడు, తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలే నాన్నా. ఎవరికీ ఏం కాలేదు, అది చాలు. ఇక ఈ బండి మనకొద్దు. పాత ఇనుము కొట్టువాడు నాకు తెలుసు. వాడికి ఒక్క మాట చెప్తే ఇక్కణ్ణుంచి ఇటే లాక్కుపోతాడు. మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళడం కూడా వద్దు. అమ్మ దీన్ని చూడకూడదు."

మామగారు తాళం తీశాడు. కొడుకు చేతిలో పెట్టాడు. ఏదో బరువు దిగిపోయినట్టు, అదే సమయంలో ప్రాణం పోయినట్టు ఉంది ఆయన ముఖం.

"నాకిష్టమే" అన్నాడు. "ఇక జన్మలో ముట్టుకోను."

భార్య భర్త వైపు తిరిగింది. "మీరొకసారి కింద చూడండి. మొదట నాన్న బాగానే నడిపాడు. గేటు దాటాడు, సందు తిప్పాడు, అద్దంలో చూస్తూ పాట కూడా అందుకున్నాడు. గుంతల రోడ్డు మొదలయ్యాకే ఇలా అయింది. నాకేదో తేడాగా ఉంది."

టైలరు మోకాళ్ళ మీద కూర్చుని, వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు.

చూడక్కర్లేదు, తెలిసిందే. అయినా చూశాడు. నట్టు చివరి మరలకు వచ్చి వేలాడుతోంది. రాడ్డును చేత్తో పట్టుకుని కదిపితే లొడలొడలాడింది. ఇంకొక్క గుంత పడి ఉంటే ఊడి రోడ్డు మీద పడేది. ఆ తర్వాత ఇసుక కుప్ప ఉండేది కాదు, పిట్టగోడ ఉండేది, ఆ అవతల లోయ.

దాని పక్కన సుద్ద గీత ఉండాల్సిన చోట ఇనుము శుభ్రంగా మెరుస్తోంది. అత్తగారు ఎంత ప్రేమగా తోమిందో.

ఆయన వేళ్ళతో నట్టును గబగబా లోపలికి తిప్పాడు. మూడు వేళ్ళతో ఎంత బిగుస్తుందో అంత బిగించాడు. వేళ్ళ చివర్లు కమిలిపోయాయి. ఇప్పుడు రాడ్డు కదలడం లేదు. ఎవరైనా వంగి చూస్తే ఏ లోపమూ కనిపించదు. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు గానీ వచ్చింది, వచ్చి కూర్చుంది. ఇంకా పిన్ను వేయాలి. పిన్ను ఎక్కడ పెట్టాను?

"ఏం బావా, ఏమైనా కనిపించిందా?"

రేడియో ముఖం చక్రం పక్క నుంచి తలకిందులుగా వేలాడుతోంది.

"ఏం లేదు" అన్నాడు టైలరు.

ఆ మాట ఆలోచించి అన్నది కాదు. ఎవరో ముందే కుట్టి పెట్టిన మాటలా నోట్లోంచి జారింది.

"ఏం లేదట నాన్నా" అని రేడియో పైకి చేరవేశాడు.

"నాకు తెలుసు" అన్న మామగారి గొంతు కారు అడుగు రేకు గుండా వినిపించింది. "అల్లుడు పని అలా వదిలే మనిషి కాదు."

టైలరు కాసేపు అలాగే పడుకున్నాడు. నూనె వాసన, ఇసుక వాసన, ఇనుము వేడి.  బయటికి వెళ్ళి ముఖాలు చూడాలంటే భయం వేసింది. నలభై దాటిన మనిషి, పది మందికి కొలతలు తీసే మనిషి, కారు కింద దాక్కున్నాడు.

చివరికి బయటికి వచ్చాడు. రేడియో అప్పటికే ఫోను చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఆ అన్నా, అవును, నాన్నే నడిపాడు. అదే మలుపు. లేదు లేదు, బండిలో ఏం లేదు, బావ చూశాడు. చేతులే. నువ్వొకసారి బండేసుకుని రా." ఇనుము కొట్టువాడితో మాట్లాడుతున్నాడని అర్థమైంది. వాడితో మొదలైన వార్త మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకుతుంది.

భార్య దగ్గరికి వచ్చి ఆయన భుజాల మీది ఇసుక దులిపింది. చొక్కా ముందు భాగం దులపబోయి ఆగింది.

కుట్టు పనిలో సూదులు, గుండుసూదులు తీసినవి తీసినట్టు చొక్కా గుండీల పట్టీకి గుచ్చుకోవడం ఆయన అలవాటు. పని పూర్తయ్యాక ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేస్తాడు. భర్త చొక్కాకు సూది మిగిలి ఉంటే ఎక్కడో కుట్టు మిగిలినట్టే అని పెళ్ళయిన కొత్తలోనే ఆమెకు తెలిసిపోయింది. అది చూసే ఆమె అన్నానికి ఇప్పుడు పిలవాలో, కాసేపాగి పిలవాలో తేల్చుకునేది.

ఇప్పుడు ఆ పట్టీకి, మూడో గుండీ పక్కన, రెండు కాళ్ళ ఇనప పిన్ను ఒకటి గుడ్డను కరుచుకుని ఉంది. కొత్తది. వాడనిది.

ఆమె దాన్ని మెల్లగా లాగి అరచేతిలో పెట్టుకుంది. కొద్దిసేపు చూసింది. తర్వాత పిడికిలి మూసింది.

"ఏ చక్రం?" అంది. తమ్ముడికీ తండ్రికీ వినపడనంత మెల్లగా అడిగింది.

"ముందు ఎడమది."

"గీత పెట్టలేదా?"

"పెట్టాను." టైలరు ఎటో చూస్తూ అన్నాడు. "అత్తయ్య తోమేసింది."

"అమ్మ పేరు ఎత్తకండి." ఆమె గొంతు ఇంకా చిన్నదైంది. "అమ్మకు గీతల సంగతి తెలియదు. నిన్న సాయంత్రం పూర్తయిందన్నది అమ్మ కాదు."

టైలరు చొక్కా పట్టీ మీద పిన్ను వదిలిన గుర్తును వేలితో తడిమాడు.

"నేను వంగి చూశాను" అంది ఆమె. "గీతలు లేవు, మీ మాట ఉంది. ఆ రెండూ నమ్మే నాన్నను కూర్చోబెట్టాను. ఇప్పుడు ఏం లేదన్నారే, కింద పడుకుని, ఆ మాట ఎలా వచ్చింది మీకు?"

"చెప్తాను. ఇంటికెళ్ళాక మామయ్యకు నేనే చెప్తాను. వాడు లేనప్పుడు."

"వాడు లేనప్పుడా?" ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి టైలరు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాన్న చేతుల గురించి వాడు ఊరంతా చాటాక, మీరు నాన్న చెవిలో చెప్తారా? ఆ రోజు కూడా ఇలాగే జరిగింది. చేతులు వణికాయని ఆయనే అన్నాడు, కాదని చెప్పే మనిషి ఒక్కరూ లేకపోయారు. ఆ రోజు ఎవరికీ నిజం తెలియదు, అందుకని ఊరుకున్నాం. ఈ రోజు ఇద్దరికి తెలుసు."

"నువ్వు చెప్తావా?"

"నేను చెప్తే అది నాన్న మీద జాలితో కూతురు చెప్పే మాట. మీరు చెప్తేనే నిజం."

ఆమె భర్త చెయ్యి పట్టుకుని వేళ్ళు విప్పి పిన్ను అందులో పెట్టింది. తర్వాత వెళ్ళి తమ్ముడి చేతిలోని తాళం లాక్కుని తన దగ్గరే ఉంచుకుంది.  రేడియో అప్పటికే ఫోనులో మరో నంబరు నొక్కేశాడు.

"ఎవరికి రా?" అంది ఆమె.

"ఇంటికి. నీ ఫోనుకే, అక్కడే ఉందిగా. అమ్మ కంగారు పడుతూ ఉంటుంది, చెప్పాలి కదా."

"ఏం చెప్తావు?"

"ఏముంది, జరిగిందే. నాన్నకి ఇక..." అతను తండ్రి వింటున్నాడేమోనని గొంతు తగ్గించాడు. అతని జీవితంలో గొంతు తగ్గించడం అదే మొదటిసారి కావచ్చు. "ఇక కుదరదని."

మామగారు కారు దిగాడు. ఒట్టి పాదాలతో రోడ్డు మీద నిలబడ్డాడు. కొడుకునూ కూతురినీ దాటుకుని అల్లుడి దగ్గరికి వచ్చాడు.

"అల్లుడూ, నువ్వు సూది దారం పట్టుకునే మనిషివి. చేతుల సంగతి మా అందరికంటే నీకే బాగా తెలుస్తుంది." రెండు చేతులూ ముందుకు చాచాడు. "సరిగ్గా చూసి చెప్పు. వణుకుతున్నాయా? నాకు కనిపించడం లేదు. కనిపించనంత చిన్నగా వణుకుతున్నాయేమో, లోపల లోపల. నిజం చెప్పు, నేనేమీ అనుకోను."

ఫోనులో అవతల ఎత్తిన చప్పుడు వినిపించింది. రేడియో గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నేనే. ఏం కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. నాన్న విషయం ఏంటంటే..."

"ఆ ఫోను ఇటివ్వు" అన్నాడు టైలరు.

"ఒక్క నిమిషం బావా, చెప్తున్నాగా."

"ఇటివ్వు."

పిన్నును ఎడమ చేతిలోకి మార్చుకుని కుడిచేత్తో ఫోను అందుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.  భార్య కారుకు ఆనుకుని ఆయన్నే చూస్తోంది. రేడియో నోరు తెరిచి నిలబడ్డాడు, అతనికి ఈ ఒక్క వార్త తెలియదు.

"అత్తయ్యా" అన్నాడు.

"నువ్వా బాబూ?" అంది అత్తగారు. వెనక ఎక్కడో కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు. "పెట్రోలు దొరికిందా? మీ మామయ్య ఆ మలుపు దాటాడా?"

టైలరు మామగారి చేతుల వైపు చూశాడు. అవి ఇంకా ముందుకు చాచే ఉన్నాయి. కొంచెం కూడా వణకడం లేదు. "మామయ్య చేతుల్లో ఏ లోపమూ లేదత్తయ్యా, నట్టు నేనే బిగించలేదు" అన్నాడు అందరికీ వినపడేలా, పిన్ను పైకెత్తి చూపిస్తూ.